ఇల్లు బాగుచేశాక పట్టే బూజు: నెల్లూరు తీరంలో చెమ్మ, లోపలి గాలి

పాత ఇంటికి మరమ్మతు చేయించి, గోడలకు కొత్త రంగు వేసి, నేలకు టైల్స్ పరిచిన కొన్ని నెలలకే బీరువా వెనక నల్లటి చుక్కలు, మూల గదిలో ముక్కిన వాసన, పిల్లలకు తుమ్ములు, పొడిదగ్గు మొదలవడం నెల్లూరు తీరంలో తరచూ జరిగేదే. గోడమీది బూజు, కొత్త చెక్కపని నుంచి వెలువడే వాయువులు, పనిలో లేచిన ధూళి కలిసి ఇంటి లోపలి గాలిని పాడుచేస్తాయి. తెలుగులో బూజు అనే మాట రెండు వేర్వేరు వస్తువులకు చెల్లుతుంది. చూరుకు వేలాడే సాలెగూళ్ల మసీ బూజే, ఊరగాయ మీదా తడి గోడ మీదా పెరిగే శిలీంధ్రమూ బూజే. మొదటిది కర్రకు చీపురు కట్టి దులిపితే పోతుంది. రెండోదాన్ని అలా దులిపితే కంటికి కనిపించని సిద్ధబీజాలు గదంతా చెదిరి ఊపిరిలోకి వెళతాయి. మాట ఒకటే అయినందువల్ల మందూ ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. గోడమీది బూజు మురికి కాదు. ఆ గోడలో నీళ్లున్నాయనడానికి గుర్తు. కాబట్టి అది శుభ్రతకు సంబంధించిన విషయం కాదు, నీటికి సంబంధించిన విషయం. మరమ్మతు పేరుతో ఆ నీటిని బయటికి పంపకుండా లోపల మూసేస్తున్నామన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

శిలీంధ్రాల సిద్ధబీజాలు లేని గాలి భూమ్మీద దాదాపు ఎక్కడా ఉండదు. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం, క్లాడోస్పోరియం జాతులవి మట్టిలోంచీ, కుళ్లిన ఆకుల్లోంచీ, ధాన్యపు గాదెల్లోంచీ నిత్యం ఇళ్లలోకి వస్తూనే ఉంటాయి. అవి మొలకెత్తాలంటే కావలసినవి రెండే, తిండి, తడి. వస్తువును ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే చాలు, చాలా రకాలు పెరగగలవు. నేరుగా తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పేది అందుకే. ఇక తిండి సంగతి. ఇటుక, సున్నం, సిమెంటు వాటికి ఆహారం కావు. పైగా తాజా సున్నానికీ సిమెంటుకూ ఉన్న క్షారగుణం వాటిని పెరగనివ్వదు. కాగితం, చెక్క, బంక, దుమ్ము, రంగుల్లో కలిపే సేంద్రియ పదార్థాలు మాత్రం వాటికి ఇష్టమైనవి. ఆధునిక మరమ్మతు ఇంట్లోకి తెచ్చేవి చాలావరకు ఇవే. జిప్సం బోర్డుకు రెండు వైపులా అంటించిన కాగితం, కబోర్డుల ప్లైవుడ్, వాల్‌పేపర్ వెనకాల బంక, ఎమల్షన్ రంగు. తిండిని మనమే గోడకు అంటించి, తడి ఎటూ ఉన్నచోట బూజు వచ్చిందని ఆశ్చర్యపోతున్నాం.

నెల్లూరు తీరంలో తడి ఎక్కణ్నుంచి వస్తుందో విడిగా చెప్పుకోవాలి. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలే ప్రధానం. ఇక్కడ మాత్రం ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల్లోనే, తరచూ వాయుగుండాల వెంట కురుస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఎండ తగ్గుతుంది, గోడ ఆరే అవకాశమూ తగ్గుతుంది. రెండో మూలం నేల. పెన్నా డెల్టాలోనూ, బకింగ్‌హాం కాలువ పొడవునా ఉన్న ఊళ్లలోనూ భూగర్భజలం పైపైనే ఉంటుంది. పునాదిలో చెమ్మను ఆపే పొర లేని పాత గోడలు దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఆ నీటిని పైకి పీలుస్తాయి. మూడోది ఉప్పు, తీరపు ఇళ్లను మిగతా ఇళ్ల నుంచి వేరుచేసేది ఇదే. మామూలు ఉప్పు తేమ 75 శాతం దాటిన గాలిలోంచి నీటిని లాక్కుని కరుగుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చడం ఏ వంటింట్లోనైనా చూస్తాం. ఇసకపల్లి ఉప్పు కయ్యల మీదుగా, మైపాడు, కృష్ణపట్నం ఒడ్డు మీదుగా వచ్చే గాలి మోసుకొచ్చే ఉప్పు గోడల్లో చేరుతుంది. ఉప్పబారిన బోరునీళ్లతో కలిపిన సిమెంటు పనిలో ఆది నుంచే ఉంటుంది. ఉక్కు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. పరీక్ష చేయించకుండా బోరు విప్పి కలిపేసేవారికి ఆ సంగతే పట్టదు. ఉప్పు పట్టిన గోడకు వాన అక్కర్లేదు, పక్కనే వీచే తేమ గాలి చాలు, అది చెమరుస్తూనే ఉంటుంది.

దీనికి తోడు వరదలు. 2021 నవంబర్‌లో ఎగువన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి, సోమశిల నుంచి పెన్నాకు భారీగా నీరు విడుదలైనప్పుడు నెల్లూరు నగరంలో భగత్‌సింగ్ కాలనీ లాంటి నదీతీర కాలనీలూ, కోవూరు వైపు పల్లెలూ నీట మునిగాయి. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందు నెల్లూరు తీరాన్ని ముంచెత్తింది. ఇలాంటి వరదల తర్వాత పూడిక ఎత్తడం, బ్లీచింగ్ చల్లడం, తాగునీరు ఇవ్వడం అధికారుల పనుల్లో ఉంటాయి. గోడ ఎంత తడిసింది, ఎప్పటికి ఆరుతుంది అన్నది ఎవరి పనీ కాదు. నడుములోతు నీళ్లు రెండు రోజులు నిలిచిన ఇటుక గోడ పైకి వారంలో ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి తడిగానే ఉంటుంది. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో వైద్యాధికారులు పరిశీలించిన ఇళ్లలో దాదాపు సగం బూజు పట్టి కనిపించాయి. అక్కడి గోడలు చెక్కా, జిప్సమూ కాబట్టి తడి వెంటనే బయటపడింది. మన ఇటుక గోడ ఆలస్యంగా చెబుతుంది. ఈలోగా సంక్రాంతి వస్తుంది, రంగు పడుతుంది.

ఈ తీరపు పాత ఇళ్లకు ఈ సమస్య తెలియదని కాదు. తాటాకు ఇళ్ల సంగతి వేరు. వాటి గాలి ఆకుల సందుల్లోంచే మారుతుండేది, ఆకు కుళ్లితే మార్చేసేవారు. మిద్దెల్లో మాత్రం ఆలోచించదగిన పద్ధతి ఒకటి ఉంది. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లలను కాల్చి తీసిన సున్నం, గానుగలో రుబ్బిన సున్నపు అడుసు, దూలాల మీద ఇటుకలు నిలబెట్టి కట్టిన మద్రాసు మిద్దె, గది పైభాగాన గవాక్షాలు. సున్నపు పూత నీటి ఆవిరిని అడ్డుకోదు. వానలో పీల్చుకున్న తడిని ఎండలో వదిలేస్తుంది. ఏటా సంక్రాంతికి వేసే వెల్ల అందం కోసమే అనుకుంటాం గానీ, అది గోడకు ఏడాదికోసారి తిరిగి క్షారగుణాన్ని ఇచ్చే పని కూడా. ఇది పాతకాలపు పొగడ్త అని ఎవరైనా అనవచ్చు. ఆ ఇళ్లు కారేవి, పునాదులు చెమ్మపట్టేవి, సున్నం పని తెలిసిన మేస్త్రి ఇవాళ దొరకడు, దొరికినా ఆ పని ఆరడానికి పట్టే కాలం ఎవరికీ లేదు. ఈ అభ్యంతరాలన్నీ నిజమే. కొత్త ఇళ్లను గుల్ల సున్నంతో కట్టమని ఎవరూ అనడం లేదు. కానీ సున్నంతో కట్టిన గోడను బాగుచేసేటప్పుడు దాని మీద సిమెంటు పూసి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ లాంటి రంగు వేస్తే, ఊపిరి తీసుకునే గోడకు ముక్కు మూసినట్టే. ఆ గోడ పాత కాలం నాటిది, దాని మరమ్మతు కూడా దాని స్వభావానికి తగినట్టే ఉండాలి.

ఇప్పటి మరమ్మతులో ఏం జరుగుతుందో వరసగా చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పెచ్చులూడిన చోట చెక్కి సిమెంటు పూస్తారు. దాని మీద చెమ్మను ఆపుతుందని చెప్పే రసాయనం, దాని మీద లప్పం, ప్రైమర్, ఎమల్షన్. పాత గవాక్షాలు ఏసీ కోసమో, ధూళి వస్తుందనో మూసేస్తారు. కిటికీలకు బిగుతైన యూపీవీసీ తలుపులు వస్తాయి. పైన ఫాల్స్ సీలింగ్, స్లాబు కారితే ఆ నీరు కంటపడకుండా జిప్సం మీదే నిలుస్తుంది. గోడ పొడవునా నేల నుంచి సీలింగ్ దాకా కబోర్డు, దాని వెనక గోడకు గాలి తగలదు. విడివిడిగా చూస్తే ఇందులో ఏ పనీ తప్పు కాదు. అన్నీ కలిస్తే మాత్రం నీరు లోపలికి వచ్చే దారులు అలాగే ఉండి, బయటికి పోయే దారులు మూసుకుపోతాయి. చెమ్మను ఆపే రంగులు పనిచేయవా అంటే, బయటి గోడ మీద వాన పడే చోట పనిచేస్తాయి. నేలలోంచి పైకెక్కే నీటికి లోపలి వైపు ఈ పూత వేస్తే, ఆ నీరు ఆగదు. ఆరే దారి లేక ఇంకా పైకెక్కి, పూత అయిపోయిన చోట బయటపడుతుంది. అడుగు ఎత్తున ఉన్న మరక రంగు వేశాక మూడడుగులకు చేరిందని యజమానులు మేస్త్రిని తిట్టుకునేది ఇందుకే. మేస్త్రి తప్పు చేయలేదు, చెప్పిన పని చేశాడు. ఏ పని చేయాలో ఎవరూ ఆలోచించలేదు.

ఏసీ ఉంటే గాలి పొడిబారుతుంది కదా అన్నది గట్టి అభ్యంతరం. నడుస్తున్నంతసేపూ ఏసీ నిజంగానే తేమను తీస్తుంది. బెడ్‌రూమ్ ఒక్కదానికి ఏసీ ఉండి రాత్రి మాత్రమే వేసే ఇళ్లలో, అంటే ఇక్కడి చాలా ఇళ్లలో, పరిస్థితి వేరు. బయటి గాలి 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉన్నప్పుడు దాని మంచుబిందు ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఏసీ గదికి పక్కనున్న గోడ అవతలి ముఖం 27 డిగ్రీలకు చల్లబడితే, అక్కడ గోడను ఆనుకున్న గాలిలో తేమ 90 శాతానికి చేరువవుతుంది. చెమట చుక్కలు కనబడకపోయినా బూజుకు అది చాలు. అందుకే బూజు ఏసీ గదిలో కాక దాని పక్క గదిలో, ఆ గోడకు ఆనించిన బీరువా వెనకాల కనిపిస్తుంది, ఇంటివాళ్లకు కారణం అంతుపట్టదు. 18 డిగ్రీల దగ్గర పెట్టుకునేవారికి ఈ సమస్య మరీ ఎక్కువ. 2020 జనవరి నుంచి గది ఏసీలను 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారు చేయాలని ఇంధన సామర్థ్య బ్యూరో నియమం పెట్టింది కరెంటు ఆదా కోసం. ఈ తీరంలో అది గోడల ఆరోగ్యానికి కూడా పనికొచ్చే అంకె.

బూజు సంగతి పక్కనపెట్టినా కొత్తగా బాగుచేసిన గదిలో గాలి కొన్నాళ్లపాటు మంచిది కాదు. ప్లైవుడ్‌లో, ఎమ్‌డీఎఫ్ బోర్డుల్లో పొరలను అంటించే యూరియా ఫార్మాల్డిహైడ్ బంక నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. కళ్లు మండటం, గొంతు గీరుకుపోవడం దాని లక్షణాలు. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి గాలిలో అది ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదంది. ఇక్కడ కూడా నీటిదే పెత్తనం. ఆ బంక తేమకూ వేడికీ విడిపోతుంది కాబట్టి, వేడీ తేమా రెండూ ఉన్న తీరపు ఇంట్లో అదే కబోర్డు ఎక్కువ వాయువును వదులుతుంది. ప్లైవుడ్ కొనేటప్పుడు ఎమ్ఆర్ (తేమకు ఓర్చే) రకానికీ బీడబ్ల్యూపీ (మరిగే నీటికి ఓర్చే) రకానికీ ధరలో తేడా చూసి మొదటిదాన్ని ఎంచుకుంటారు. ఎమ్ఆర్ సాధారణంగా యూరియా బంకతో చేసింది. రెండోది ఫినాల్ బంకతో చేసినది, తడికి ఓర్చుకుంటుంది, వాయువునూ చాలా తక్కువ వదులుతుంది. తీరప్రాంతంలో వంటింటికీ తడి గోడకూ ఆ తేడా డబ్బు పెట్టదగ్గదే. ధూళి విషయంలో మాత్రం తడి మనకు మిత్రం. గ్రానైటు, టైల్స్ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోస్తే ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికా ధూళి గాలిలోకి చాలావరకు లేవదు. పాత రంగును పొడిగా గీకకూడదు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాల్లో 90కి పరిమితం చేసిన నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లో ఉంది, అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత సీసం ఉందో ఎవరూ చెప్పలేరు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టకుండా, తడిపి, మొత్తంగా దించాలి.

ఇదంతా అతిగా భయపెట్టడమేనని, తరతరాలుగా బూజు పట్టిన ఇళ్లలోనే బతికామని అనేవారున్నారు. దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే భయపెట్టడమూ జరిగింది. 1990ల్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి స్టాకీబాట్రిస్ అనే నల్ల బూజే కారణమని ప్రచారమైంది. ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రమే తేల్చింది. మన దగ్గర 2021లో కోవిడ్ వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్‌ను చూసి గోడమీది నల్లమచ్చలన్నీ అదేనని భయపడ్డవారున్నారు. అది మ్యూకర్‌మైకోసిస్, వేరే జాతి శిలీంధ్రాల పని. చచ్చిన కణజాలం నల్లబారడం వల్ల ఆ పేరు వచ్చింది, గోడ రంగు వల్ల కాదు. అదుపులో లేని మధుమేహమూ, స్టెరాయిడ్లూ దానికి దారితీశాయి. ఈ అతిశయాలను తీసేసినా మిగిలే సాక్ష్యం చిన్నది కాదు. 2007లో అమెరికా పరిశోధకుడు విలియం ఫిస్క్ బృందం అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం 30 నుంచి 50 శాతం ఎక్కువగా కనిపించాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెమ్మ, బూజులపై మార్గదర్శకాలు తెచ్చినప్పుడు ఇంత బూజు వరకు ఫరవాలేదన్న అంకె ఏదీ ఇవ్వలేదు, చెమ్మనే లేకుండా చేయమంది. అదే సరైన తీరు. ఏ రకం బూజో పరీక్ష చేయించడానికి పెట్టే డబ్బు, నీరు ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడానికి పెట్టడం మేలు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, మూత్రపిండం లాంటి అవయవం మార్పిడి చేయించుకున్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ఉంటే మాత్రం వారిని ఆ గదిలో పడుకోనివ్వకూడదు, బూజు తీసే పనికి దగ్గరగా రానివ్వకూడదు.

అందువల్ల బాగుచేసే పనికి వరస ముఖ్యం, ఖర్చు కాదు. మొదట నీటి దారి వెతకాలి. పిట్టగోడ పగులా, సన్‌షేడ్ మీద నిలిచే నీరా, బాత్రూం పైపా, పునాదా, ఉప్పా? మరక పైనుంచి దిగుతోందా, కింది నుంచి ఎక్కుతోందా అన్నది చూస్తే సగం జవాబు దొరుకుతుంది. దారి మూశాక గోడను ఆరనివ్వాలి. పెచ్చులను ఇటుక దాకా చెక్కి, పైకి తేలిన తెల్లటి ఉప్పును పొడి కుంచెతో, ముక్కుకు మాస్కు కట్టుకుని ఊడ్చి ఊరవతల పారబోయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి లోపలికే పోతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి, ఒక రాత్రంతా, కనీసం 16 గంటలు ఉంచి చూస్తే లోపలి వైపు చెమర్చిందో లేదో తెలిసిపోతుంది. చెమరిస్తే రంగు వేయకూడదు. కొత్త ప్లాస్టరింగ్‌కు కూడా కనీసం నెల రోజులు గడువివ్వాలి. నెల్లూరు తీరంలో ఈ పనికి ప్రకృతి ఇచ్చిన కాలం ఫిబ్రవరి నుంచి జూన్ వరకు, వాన తక్కువగా, ఎండ మెండుగా ఉన్న నెలలు. దురదృష్టవశాత్తూ మన రంగుల పని దసరాకో, కార్తీకం పెళ్లిళ్లకో, సంక్రాంతికో, అంటే సరిగ్గా గోడ తడిసి ఉన్నప్పుడు జరుగుతుంది. గృహప్రవేశం ముహూర్తం మార్చలేమంటే మార్చనక్కర్లేదు. పాలు పొంగించి, పూజ చేసుకుని, కాపురం మాత్రం గోడ ఆరాక, వాసన తగ్గాక పెట్టుకుంటే శాస్త్రానికీ ఆరోగ్యానికీ రెండింటికీ సరిపోతుంది.

పట్టిన బూజును తీయడానికి బ్లీచింగ్ పౌడరే అందరికీ తోచే మందు. గట్టి, నున్నని టైల్స్ మీద అది పనికొస్తుంది. ప్లాస్టరింగ్, చెక్క లాంటి పీల్చుకునే వస్తువుల్లో అది పైపైన రంగు పోగొడుతుందే గానీ లోపలికి చేరదు, దాని నీరు మాత్రం లోపలికి చేరుతుంది. పైగా బాత్రూంలో వాడే యాసిడ్‌తో కలిస్తే విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ రెండింటినీ ఒకే పూట, ఒకే బకెట్‌లో వాడడం ప్రాణాపాయం. సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టడమే నమ్మదగిన పద్ధతి. ఎన్95 మాస్కు, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, గది తలుపు మూసి కిటికీ తీయాలి, ఫ్యాను వేయకూడదు. తడిసి బూజు పట్టిన జిప్సం బోర్డు, దూది పరుపు, అట్టపెట్టెలు కడిగినా బాగుపడవు, పారేయాలి. వాసన పోవడానికి సాంబ్రాణి వేయడం, అగరొత్తులు వెలిగించడం పరిపాటి. పూజకు వేసుకోవడం వేరు, బూజుకు మందుగా వేయడం వేరు. ఆ పొగ వాసనను కప్పుతుంది, గాలికి మరింత సన్నని ధూళిని కలుపుతుంది.

కిటికీలు తెరవమంటే దోమల మాటేమిటన్నది ఈ తీరంలో న్యాయమైన ప్రశ్న. కాలువలూ చెరువులూ ఉన్న ఊళ్లలో సాయంత్రం కిటికీ తెరిచి కూర్చోలేరు. మూసుకుని దోమల చుట్ట వెలిగిస్తే నష్టం రెట్టింపు. ఒక చుట్ట కాలితే వెలువడే అతిసన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానమని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. మరమ్మతు బడ్జెట్‌లో ఫాల్స్ సీలింగ్‌కు ముందు కిటికీలకు మెష్, వంటింటికీ బాత్రూంకూ బయటికి గాలిని నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి. మూసేసిన గవాక్షాలను తిరిగి తెరిచి మెష్ కొడితే అవి ఖర్చులేకుండా రాత్రీ పగలూ పనిచేస్తాయి. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపడానికి రూపాయి కూడా అక్కర్లేదు. బయటి గాలి కూడా తేమగానే ఉంటుంది కదా అంటే, అవును, వర్షపు రాత్రి కిటికీలు తీసి ఉపయోగం లేదు. ఎండ పడే మధ్యాహ్నాలు, పడమటి గాలి వీచే వేసవి వేళలు గది ఆరడానికి సమయం. తెరవడమూ మూయడమూ వేళ చూసి చేయాలి.

అద్దె ఇంట్లో ఉన్నవారికీ, కాలనీ ఇళ్లలో ఒక్కగదిలో బతికేవారికీ ఈ మాటలన్నీ అందుబాటులో లేవనేది చివరి అభ్యంతరం. అన్నిటికంటే బరువైనదీ అదే. భారతదేశంలో బయటి గాలికి 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాలున్నాయి. ఇంటి గాలి ఇలా ఉండాలని యజమానినిగానీ కాంట్రాక్టరునుగానీ నిలదీయడానికి అలాంటి ప్రమాణం లేదు. వరద నష్టం లెక్కించేటప్పుడు కూలిన గోడను లెక్కేస్తారు, తడిసి నిలబడ్డ గోడను లెక్కేయరు. పునాదిలో చెమ్మను ఆపే పొర వేయడం కట్టేటప్పుడు చవకైన పని, కట్టాక చాలా ఖరీదైన పని. కనుక ప్రభుత్వం తీరంలో కట్టించే ప్రతి ఇంటికీ ఆ పొర, కట్టడానికి వాడే నీటిలో ఉప్పు పరీక్ష, రెండు ఎదురెదురు గవాక్షాలు తప్పనిసరి చేయాలి. ఇంటివారు చేయగలిగింది ఈ ఏడాదికి ఒకటుంది. పండక్కి రంగు వేయించే ముందు గోడకు పాలిథిన్ ముక్క అంటించి చూడండి. చెమరిస్తే, సున్నపు గోడైతే ఈసారికి వెల్ల వేసి సరిపెట్టుకోండి, సిమెంటు గోడైతే అలాగే వదిలేయండి. రంగుల డబ్బా ఫాల్గుణం దాకా ఆగుతుంది.